బటన్ నా చేతిలోనే ఉంది

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మత్తు డాక్టర్ గారు నా మంచం దగ్గరికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "గురక పెడతారా?"

లేదన్నాను. పక్కనే కూర్చున్న మా తమ్ముడు ఉండబట్టలేక, "రైలింజన్ సార్. గోడ అవతలికి కూడా వినిపిస్తుంది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వకుండా రాసుకున్నారు. నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా గమనించారా, పగటిపూట కూర్చున్నచోటే కునుకు పడుతుందా, నిద్రమాత్రలు వేసుకుంటారా, మందు అలవాటుందా, ఇంతకుముందు నొప్పికి ట్రమడాల్ లాంటివి ఎక్కువ రోజులు వాడారా అని వరసగా అడిగారు. పేగు కోయడానికీ నా గురకకీ సంబంధమేమిటో అప్పుడు తెలియలేదు. రెండు రోజుల తర్వాత బాగా తెలిసొచ్చింది.

పెద్దపేగులో జానెడు ముక్క తీసేయాలి. చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేయడం నా విషయంలో కుదరదనీ, పొట్ట మధ్యలో నిలువుగా కోయాల్సిందేననీ సర్జన్ అప్పటికే చెప్పి ఉన్నారు. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో గాల్లో గీసి చూపించారు. అప్పటినుంచి నా టెన్షన్ అంతా ఆ గీత గురించే. అందుకే మత్తు డాక్టర్ గారు ప్రశ్నలు ముగించి "మీరేమైనా అడగాలా?" అనగానే అడిగేశాను.

"నిద్రలో ఉన్నప్పుడు నొప్పి ఎలాగూ తెలియదు కదండీ. మళ్లీ నొప్పి మందు కూడా ఎందుకు?"

"నిద్రపోయేది మీరు. మీ ఒళ్లు కాదు" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నిద్రపుచ్చడానికి ప్రోపోఫాల్ అనే తెల్లటి మందు ఒకటి, పొట్ట కండరాలు బిగుసుకోకుండా సడలించడానికి ఇంకొకటి ఇస్తారట. ఈ రెండూ ఎంత ఇచ్చినా కత్తి తగిలిన కబురు నరాల గుండా పైకి వెళ్తూనే ఉంటుందట. మనిషికి తెలివి లేకపోయినా గుండె పరుగెడుతుంది, బీపీ ఎగబాకుతుంది. ఆ కబురును వెన్నులోనూ మెదడులోనూ అణిచిపెట్టడానికే మూడో మందు. దాన్ని ఓపియాయిడ్ అంటారు. మన ఒళ్లు తనంతట తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్లు వెళ్లి అతుక్కునే చోట్లలోనే ఇదీ వెళ్లి అతుక్కుంటుంది.

ఇంతవరకూ బాగానే విన్నాను. ఆ తర్వాత ఆయన, "ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు మార్ఫిన్ పంపు పెడతాం" అన్నారు. నా చెవులు అక్కడే ఆగిపోయాయి. మార్ఫిన్ అంటే నల్లమందులోంచి తీసేదే కదా! క్యాన్సర్ చివరి దశలో ఇచ్చేదే కదా! అలవాటైపోతే? తమ్ముడి ముఖం చూశాను, వాడూ నాలాగే ఉన్నాడు.

మార్ఫిన్ వయసు రెండు వందల ఏళ్లు దాటిందని డాక్టర్ గారు చెప్పారు. 19వ శతాబ్దం మొదట్లో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ ఫార్మసిస్టు నల్లమందు నుంచి దాన్ని వేరుచేసి, గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు పెట్టాడట. ఆపరేషన్ బల్ల మీద నాకిచ్చే ఫెంటానిల్ అనే ఓపియాయిడ్‌కు మాత్రం నల్లమందుతో పనిలేదు. అది పూర్తిగా ల్యాబులో తయారైంది. 1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం చేసింది. బరువుకు బరువు చూస్తే మార్ఫిన్ కంటే సుమారు 100 రెట్లు ఘాటు. అందుకే దాన్ని మిల్లీగ్రాముల్లో కాక మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. ఇదంతా నన్ను మాటల్లో పెట్టడానికే చెప్పారని నాకు తెలుసు. పనిచేసింది కూడా.

అలవాటు సంగతి మళ్లీ అడిగాను. "అలవాటయ్యే ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. కానీ కోత నొప్పికి మా కళ్ల ముందు మూడు రోజులు ఇచ్చే మందు వేరు, ఇంటికెళ్లాక నెలల తరబడి మింగే మాత్రలు వేరు. జాగ్రత్త పడాల్సింది ఆ రెండోదాని దగ్గర" అన్నారు. నేను తలూపాను. ఊపాను గానీ మనసులో ఒక నిర్ణయం తీసేసుకున్నాను: వీలైనంత తక్కువ వాడాలి, ఓర్చుకోవాలి. మా ఇంట్లో ఓర్చుకునే వాళ్లకే మంచి పేరు. ఆ తెలివితక్కువ నిర్ణయమే నన్ను మొదటి రాత్రి చంపినంత పనిచేసింది.

*

ఆపరేషన్ థియేటర్‌లో గుర్తున్నవి తక్కువ. చలి. ఛాతీ మీద అంటించిన స్టిక్కర్లు. వేలికి క్లిప్పు. అది ప్రతి గుండె చప్పుడుకీ టిక్ టిక్‌మంటోంది. టిక్కు మధ్య ఎడం తగ్గిన కొద్దీ నా భయం నాకే వినబడుతోంది.

డాక్టర్ గారు రెండు మిల్లీలీటర్ల చిన్న గాజు బుడ్డి మెడ విరిచి, సిరంజిలోకి లాగి, సిరంజికి లేబుల్ అంటించారు. దానిలో ఉన్నది 100 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదోవంతు. "ఇప్పుడు కాస్త తల తేలినట్టుంటుంది, దగ్గు రావచ్చు, కంగారుపడకండి" అంటూ చేతికి పెట్టిన కాన్యులా గొట్టంలోకి ఎక్కించారు. నిజంగానే దగ్గు వచ్చింది, పొలమారినట్టు నాలుగైదు సార్లు. కొందరికి ఫెంటానిల్ వేగంగా వెళ్తే అలా వస్తుందట. ఆ వెంటనే ఒళ్లంతా వెచ్చబడింది. ముక్కు కొన దురద పెట్టింది. ఎదురుగా గోడ గడియారం కనిపిస్తోంది, తొమ్మిదింపావు అయిందని తెలుస్తోంది, అయితే నాకేమిటి అనిపించింది. నా జీవితంలో గడియారం చూసి అలా అనుకున్నది అదొక్కసారే. టిక్కుల మధ్య ఎడం పెరిగింది. ఎవరో ముఖానికి మాస్కు పెట్టి గట్టిగా పీల్చమన్నారు. చేతిలో చురుక్కుమని మంట పుట్టింది, అది ప్రోపోఫాల్ అయ్యుండాలి. అంతే.

లోపల ఏం జరిగిందో తర్వాత అడిగి తెలుసుకున్నాను. ఫెంటానిల్ కొవ్వులో సులువుగా కరుగుతుంది కాబట్టి నిమిషం రెండు నిమిషాల్లో మెదడుకు చేరుతుంది, ఒక డోసు ప్రభావం అరగంట నుంచి గంట. మొదటి కోతను, గొంతులో గొట్టం వేసే ఘట్టాన్ని అది దాటించేస్తుంది. ఆ తర్వాత నాకు రెమిఫెంటానిల్ అనే దాన్ని పంపుతో ధారగా ఎక్కించారు. దీనిది వింత స్వభావం. లివరు, కిడ్నీల కోసం ఎదురుచూడదు. రక్తంలోనూ కండరాల్లోనూ ఉండే ఎంజైములే దాన్ని విరగ్గొట్టేస్తాయి. ఎన్ని గంటలు ఎక్కించినా, ఆపిన కొద్ది నిమిషాల్లో జాడ లేకుండా పోతుంది. డాక్టరుకు ఇది సుఖం, ఎప్పుడు లేపాలంటే అప్పుడు లేపొచ్చు. పేషెంటుకే చిక్కు. మందు పోయిన మరుక్షణం నొప్పి మొత్తం ఒక్కసారిగా మీదపడుతుంది. అందుకని కుట్లు వేయడానికి ఇంకా కాస్త టైముండగానే మార్ఫిన్ మొదలుపెడతారు. అది నెమ్మది మనిషి. నరంలోకి ఇచ్చినా పూర్తి పట్టు దొరకడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది, కానీ మూడు నాలుగు గంటలు తోడుంటుంది.

రికవరీ రూములో కళ్లు తెరిచింది నా పేరు విని. "ఊపిరి తీసుకోండమ్మా, గట్టిగా తీసుకోండి" అంటోంది ఒక సిస్టర్. తీసుకున్నాను. మళ్లీ కాసేపటికి అదే మాట. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. నాకు ఆయాసం లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. ఊపిరి తీసుకోవాలన్న తొందరే లేదు. గుర్తుచేస్తే పీల్చాను, లేకపోతే ఊరుకున్నాను. ఎంతో హాయిగా ఉంది. నీళ్లలో మునిగితే గుండెలు బాదుకుంటూ పైకి వస్తాం కదా, ఆ బాదుకోవడాన్నే ఈ మందు ఆపేస్తుంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయమేసేది కోత గురించి కాదు, ఆ హాయి గురించి.

*

వార్డుకు తెచ్చాక పంపు పరిచయమైంది. సెలైన్ స్టాండుకు తగిలించిన పెట్టె, లోపల తాళం వేసిన పెద్ద సిరంజి, దాని నుంచి ఒక సన్న గొట్టం నా చేతికి, ఇంకో వైరు నా దిండు పక్కకు. వైరు చివర బటన్. బొటనవేలితో నొక్కే బటన్, ఆకుపచ్చ లైటుతో. నొక్కితే 1 మిల్లీగ్రాము మార్ఫిన్ వెళ్తుంది. ఆ తర్వాత 8 నిమిషాలు లైటు ఆరిపోతుంది. ఆ 8 నిమిషాల్లో వందసార్లు నొక్కినా చుక్క రాదు. సిస్టర్ మూడుసార్లు చెప్పింది, "నొప్పి భరించలేకపోయేదాకా ఆగొద్దు, మొదలవుతుండగానే నొక్కండి."

నేను నొక్కలేదు. లైటు వెలుగుతూనే ఉంది, నేను పైకప్పు చూస్తూ పళ్లు బిగించుకుని పడుకున్నాను. నొప్పి అంటే కత్తి గాటులా ఉంటుందనుకున్నాను, కాదు. పొట్టలో ఎవరో గుప్పిట బిగించి, నేను కదిలినప్పుడల్లా మెలితిప్పుతున్నట్టు. తెల్లవారేసరికి నాలుగుసార్లే నొక్కాను. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

పొద్దున ఫిజియోథెరపిస్టు వచ్చి, ఒక దిండు పొట్టకు అదుముకుని దగ్గమంది. దగ్గు రాలేదు. గొంతు దాకా వచ్చి, పొట్ట బిగుసుకుని, అక్కడే చచ్చిపోయింది. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరంలో గాలి పీల్చి బంతులు లేపమంది. ఒక్క బంతి కూడా కదలలేదు. మంచం అంచున కూర్చోబెట్టబోతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుంటే నిమోనియా దాకా పోవచ్చని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

మత్తు డాక్టర్ గారు రౌండ్సుకు వచ్చి నన్నడగలేదు, పంపును అడిగారు. అది అన్నీ గుర్తుపెట్టుకుంటుందని నాకు తెలియదు. "రాత్రంతా కలిపి నాలుగేనా?" అన్నారు. ఓర్చుకున్నానండీ అన్నాను, మెప్పు కోసం.

"ఎవరి కోసం?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు. తర్వాత చెప్పారు. "నొప్పి సున్నా చేయడం మా ఉద్దేశం కాదమ్మా. అంత మందు ఇస్తే మీరు లేవరు. మీరు దగ్గగలగాలి, లేచి నాలుగడుగులు వేయగలగాలి. అంతవరకు నొప్పి తగ్గితే చాలు. మీకు ఎన్నో నంబరు నొప్పి అని అడిగేది అందుకే, పరీక్షలో మార్కులు వేయడానికి కాదు."

ఆ రోజు పద్ధతి మార్చాను. ఫిజియో వచ్చే పావుగంట ముందు ఒకసారి, లైటు మళ్లీ వెలగ్గానే ఇంకోసారి నొక్కడం నేర్చుకున్నాను. ఈ లెక్క ఎవరూ సరిగ్గా చెప్పరు, నేను చెబుతున్నాను: లేచే ముందు నొక్కితేనే పనికొస్తుంది, లేచి విలవిల్లాడుతూ నొక్కితే ఆ మందు పట్టేలోపు మళ్లీ పడుకునే ఉంటాం. దిండు అదుముకుని దగ్గితే కఫం తెగింది. ఒక బంతి లేచింది. సాయంత్రానికి రెండు.

మార్ఫిన్ నొప్పిని తీసేస్తుందా అంటే నా అనుభవంలో లేదు. నొప్పి అక్కడే ఉంటుంది. పక్కింట్లో గొడవ జరుగుతుంటే వింటాం చూడండి, అలా ఉంటుంది. వినబడుతుంది, కానీ లేచి వెళ్లాలనిపించదు.

ఊరికే మాత్రం రాదు ఈ సుఖం. వికారం మొదలైంది. పొట్ట మీద కుట్లతో వాంతి చేసుకోవడమంత నరకం ఇంకోటి లేదు. ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఇచ్చాక తగ్గింది. ముక్కు, బుగ్గలు, మెడ ఒకటే దురద. అలర్జీ అనుకుని హడలిపోయాను. దద్దుర్లు లేవు, ఆయాసం లేదు, ఇది ఈ మందు గుణమేనని చూసి చెప్పారు. కళ్లు మూస్తే చాలు, కలలు. భయంకరమైనవి కావు, పనికిమాలినవి. ఒక కలలో గంటసేపు పాత రసీదులు తేదీల వారీగా సర్దాను. మార్ఫియస్ గారు నాకు కేటాయించింది అది.

*

మా తమ్ముడి సంగతి చెప్పాలి.

ఆపరేషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం. నేను నిద్రలో మూలుగుతున్నానట. వాడికి ప్రాణం ఒప్పలేదు. అక్కకు నొప్పిగా ఉంది, నిద్రలో నొక్కుకోలేకపోతోంది అనుకుని, బటన్ వాడే నొక్కాడు. ఎనిమిది నిమిషాలు టైము చూసుకుని మళ్లీ నొక్కాడు. మూడోసారికి సిద్ధమవుతుంటే సిస్టర్ చూసింది.

నాకు మెలకువ వచ్చేసరికి ఆమె నా భుజం కుదుపుతోంది. మెషీన్ మీద ఆక్సిజన్ అంకె బాగానే ఉంది, 96. ఆమె దాన్ని చూడలేదు. చేతిగడియారం చూస్తూ, నా ఛాతీ చూస్తూ, నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. తొమ్మిది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు వేలి క్లిప్పు చాలాసేపు మంచి అంకే చూపిస్తుంది. ఊపిరి తగ్గుతున్న సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. అంతకంటే ముందు తెలిసేది మనిషి మగతను బట్టే. పిలిస్తే కళ్లు తెరుస్తుందా, మాట ముగిసేలోపు మళ్లీ జోగుతుందా అన్నది చూస్తారు. రాత్రుళ్లు గంటకోసారి నన్ను లేపి "పేరు చెప్పండి" అంటుంటే విసుక్కునేదాన్ని. అప్పుడు తెలిసింది ఎందుకో.

తలవైపు ఎత్తు పెంచారు, బటన్ తీసి పక్కన పెట్టారు, గంటసేపు నన్ను నిద్రపోనివ్వలేదు. ట్రేలో నాలక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ తెచ్చి పెట్టుకున్నారు గానీ వాడే అవసరం రాలేదు. దాన్ని ఇస్తే రెండు మూడు నిమిషాల్లో మార్ఫిన్‌ను ఆ చోట్ల నుంచి తోసేస్తుందట, నొప్పి కూడా పూర్తిగా తిరిగొచ్చేస్తుంది. పైగా దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే అయిపోవచ్చు, అప్పుడు మగత మళ్లీ కమ్ముకుంటుంది. కాబట్టి ఇచ్చాక వదిలేసి వెళ్లడానికి లేదు.

సిస్టర్ మా తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్లి మాట్లాడింది. ఏమందో నాకు తెలియదు. వాడు తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "ఆ బటన్ పేషెంటే ఎందుకు నొక్కాలో తెలుసా అక్కా? మత్తు ఎక్కువైతే చెయ్యి లేవదు కాబట్టి. ఆ చెయ్యి లేవకపోవడమే తాళం అట. నేను ఆ తాళం తీసేశాను" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుందామనుకున్నాను, దూరంగా ఉంది, అందలేదు. "పోనీలేరా, నా గురక సంగతి నువ్వే కదా చెప్పింది" అన్నాను. గురక పెట్టేవాళ్లకు ఈ మందుతో నిద్రలో ఊపిరి తగ్గే ప్రమాదం ఎక్కువట. మత్తు డాక్టర్ గారు ఆ సంగతి ముందే అడగబట్టే, నన్ను సిస్టర్ల బల్లకు ఎదురుగా ఉన్న మంచంలో వేశారు. అందుకే ఆమె కంటపడ్డాం.

*

ఇక పేగు. పేగుకు ఆపరేషన్ చేస్తే అది కొన్నాళ్లు అలిగి పడుకుంటుంది. మార్ఫిన్ దాన్ని ఇంకా పడుకోబెడుతుంది. మెదడులో నొప్పిని ఆపే చోట్ల లాంటివే పేగు గోడలోనూ ఉన్నాయట, మందు వాటినీ వదలదు. వికారం, మగత రోజులు గడిస్తే తగ్గుతాయి గానీ మలబద్ధకం మాత్రం ఎన్నాళ్లు వాడినా తగ్గదని చెప్పారు. అంటే నా పొట్టను కాపాడుతున్న మందే నా పొట్టను లేవనివ్వడం లేదు. సర్జన్ రోజూ పొద్దున్నే వచ్చి ఒకటే ప్రశ్న, "గాలి పోయిందా?" నలుగురు జూనియర్ల ముందు. సిగ్గు మొదటిరోజుతోనే పోయింది. రెండోరోజు నుంచి పరీక్ష ఫెయిలైన పిల్లలా తలదించుకుని "లేదండీ" అనేదాన్ని.

అందుకే రెండోరోజు రాత్రి నుంచి బేరం మొదలైంది. మొదటినుంచీ ఆరుగంటలకోసారి నరంలోకి పారాసిటమాల్ ఇస్తూనే ఉన్నారు. అది మార్ఫిన్ అవసరాన్ని కొంత తగ్గిస్తుంది. నేను పడుకుని ఉన్నప్పుడు నొక్కడం మానేసి, లేచే ముందు మాత్రమే నొక్కాను. ఈసారి భయంతో కాదు, లెక్కతో. పంపు చూపించిన అంకెలు కూడా దిగుతూ వచ్చాయి: నిన్న 22 మిల్లీగ్రాములు, ఇవాళ 9. మూడోరోజు మధ్యాహ్నం పంపు తీసేశారు. సిరంజిలో మిగిలిన మందును ఇద్దరు సిస్టర్లు కలిసి చూసి, ఎంత మిగిలిందో రిజిస్టరులో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి పారబోశారు. బటన్ పోయాక మొదటి గంట బొటనవేలికి ఏం చేయాలో తోచలేదు. దాన్ని వ్యసనం అంటారేమోనని మళ్లీ భయపడి అడిగాను. సిస్టర్ నవ్వి, రిమోట్ పోయినా అంతే కదమ్మా అంది.

నాలుగోరోజు తెల్లవారుజామున, వరండాలో స్టాండు పట్టుకుని తమ్ముడితో పాటు నడుస్తుంటే పోయింది గాలి. చిన్నగా కాదు. అటువైపు నుంచి వస్తున్న వార్డుబాయ్ కూడా ఆగాడు. తమ్ముడు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను.

"సర్జన్ గారికి ఫోన్ చేయనా అక్కా?" అన్నాడు.

రెండు రోజులుగా వాడు నోరు తెరిచి సరిగ్గా మాట్లాడింది అదే. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. దిండు గదిలోనే ఉండిపోయింది. రెండు చేతులూ పొట్టకు అదుముకుని, గోడకు ఆనుకుని, నవ్వు ఆగేదాకా అలాగే నిలబడ్డాను.